సూది ముట్టని చుక్క

మా నారాయణఖేడ్‌లో కల్లు దుకాణం అంటే నాకు గుర్తొచ్చేది ఒకే గ్లాసు, పది చేతులు. ఒకరు తాగింది బకెట్లో ముంచి ఇంకొకరికిచ్చేవాళ్ళు. కల్లులో అల్ప్రాజోలం కలిసిందా అని తేల్చగల మాస్ స్పెక్ట్రోమీటర్‌కీ ఇదే ఎంగిలి సమస్య ఉండేదని ఈమధ్యే తెలిసింది.

అణువుల్ని తూచడానికి దానికి క్షణం చాలు. జాన్ ఫెన్ (2002 నోబెల్) ఎలక్ట్రోస్ప్రేతో ద్రవాన్ని నేరుగా పంపే దారీ వేశాడు. కానీ సాంపిల్ తెచ్చేది సూది: ముంచాలి, పీల్చాలి, వదలాలి, కడగాలి. మా భాషలో చెప్తే ప్రాసెసర్ ఖాళీ, డిస్క్ దగ్గర క్యూ. ఎంత కడిగినా పాత సాంపిల్ జాడ కొంచెం మిగులుతుంది. ఒకరి కుండలో మందు ఇంకొకరి రిపోర్టులో కనబడితే? పోయేది ఆ గీత కార్మికుడి బతుకు.

దీనికి జవాబు పాతదే. 1927లో వుడ్, లూమిస్ నూనెలోకి అల్ట్రాసౌండ్ పంపితే నూనె ఫౌంటెన్‌లా లేచి చుక్కలు చిమ్మింది. ఇప్పుడు ప్లేటు అడుగు నుంచి శబ్దాన్ని ఒక్కచోట గురిపెడితే 2.5 నానోలీటర్ల చుక్క పైకెగురుతుంది. పైన బోర్లించిన గొట్టం మూతిలో పారే ద్రావణి దాన్ని పట్టుకుని యంత్రంలోకి తీసుకుపోతుంది. 2020లో ‘ఎకో ఎంఎస్’ పేరుతో మార్కెట్‌కొచ్చింది. సెకనుకో సాంపిల్. 384 గుంతల ప్లేటు ఆరున్నర నిమిషాల్లో ఖతం!

ఒక చిక్కుంది. వేగం కోసం కాలమ్‌ని తీసేశారు కాబట్టి కల్లులోని చక్కెరలూ అన్నీ కలిసే లోపలికెళ్తాయి, మందు సిగ్నల్‌ని అణిచేస్తాయి. ఒకే బరువున్న అణువులు ఒకదానికొకటి అనిపిస్తాయి. అనుమానం తగిలిన సాంపిల్‌ని మళ్ళీ కాలమ్‌లోంచి, నిమిషాల తరబడి, నిదానంగా పంపాల్సిందే.