లేని కణాలు చేసే పని

నేను గణితం చదువుకున్నవాణ్ణి కాను, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ వ్యాసం గణితం గురించే. 1909లో అచ్చయిన లెనిన్ గ్రంథం “భౌతికవాదం - అనుభవ విమర్శవాదం” ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం ఒక మాట తేలిగ్గా అనేస్తాం: పరమాణువు నిజమా, ఊహా అన్న తగాదాలో మాక్ ఓడాడు, బోల్ట్‌స్‌మన్ గెలిచాడు, కథ ముగిసింది అని. ముగియలేదని నా అనుమానం.

బోల్ట్‌స్‌మన్ 1872లో వాయువును కోటానుకోట్ల కణాల గుంపుగా భావించి, ఏ చోట ఏ వేగంతో ఎన్ని కణాలున్నాయో, ఆ లెక్క కాలంతోపాటు ఎలా మారుతుందో చెప్పే సమీకరణం రాశాడు. మాక్ ఒప్పుకోలేదు. కంటికి కనిపించని అణువు ఆలోచనలో పొదుపు కోసం పెట్టుకున్న గుర్తే తప్ప వస్తువు కాదన్నాడు. 1895లో ల్యూబెక్ సభలో ఓస్వాల్డ్ పక్షంతో బోల్ట్‌స్‌మన్ ముఖాముఖి వాదించవలసి వచ్చింది. 1906లో ఆయన డ్యూనోలో ఆత్మహత్య చేసుకున్నాడు. (ఈ వాదాలే ఆయన్ని చంపాయని రాసేవారున్నారు. ఎంతోకాలంగా మనోవ్యాధితో బాధపడిన మనిషి విషయంలో అంత సులువుగా తీర్పు చెప్పడం న్యాయం కాదు.) పెర్రిన్ ప్రయోగాల తర్వాత, 1909లో ఓస్వాల్డే అణువును ఒప్పుకున్నాడు.

1954లో భట్నాగర్, గ్రాస్, క్రూక్ అనే ముగ్గురు ఆ సమీకరణాన్ని సులభం చేశారు. కణాలు ఢీకొనడంలోని చిక్కునంతా పక్కనబెట్టి, గుంపు ఒక నియత వేగంతో సమస్థితికి దిగివస్తుందని మాత్రమే అన్నారు. వారిలో మొదటివాడు మన ప్రభులాల్ భట్నాగర్. తర్వాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అనువర్తిత గణితం నేర్పినవాడు.

ఇంతవరకూ కణాలు నిజమైనవే. అసలు తిరకాసు ఆ తర్వాత వచ్చింది.

ఎత్తయిన భాగం త్వరగా, పల్లపు భాగం నెమ్మదిగా కదిలే అల ఒకటి ఊహించండి. కాసేపటికి శిఖరం పాదాన్ని దాటి ముందుకు వాలుతుంది. ఒకే చోట మూడు ఎత్తులు వస్తాయి! అరేఖీయ సమీకరణం ఇక్కడే మొరాయిస్తుంది. ఫ్రాన్సులో బ్రెనియే, జపానులో గిగా, మియకావా (1983) దీనికొక ఉపాయం కనిపెట్టారు. అలను అడ్డంగా పలుచని పొరలుగా కోయండి. ప్రతి పొరా తన ఎత్తుకు తగిన వేగంతో, పక్క పొరతో నిమిత్తం లేకుండా, కొద్దిసేపు నేరుగా సాగుతుంది. అప్పుడు కింద ఆధారం లేని పొరల్ని నిట్టనిలువుగా కిందికి దిగనివ్వండి. కొత్త కుప్పను మళ్ళీ కోయండి, మళ్ళీ నడిపించండి. ఈ అంగలు పొట్టివయ్యేకొద్దీ సరైన సాధనకు చేరువవుతాం. సరైనదంటే, ఒక్కటే ఉంటుందని సోవియట్ గణితజ్ఞుడు క్రుజ్కోవ్ 1970లో నిరూపించిన సాధన.

ఈ పొరల్లో సాగే కణాలు ప్రపంచంలో ఎక్కడా లేవు. పనికోసం కల్పించుకున్నవి. మరి మాక్ దొడ్డిదారిన తిరిగి వచ్చినట్లేనా?

కణాలవరకూ వచ్చినట్లే; ఆ సంగతి ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కరలేదు. కాని పొదుపే కొలబద్ద అయితే, వాలిన భాగాన్ని కత్తిరించి పారేయడం ఇంకా పొదుపు. అలా చేసి చూడండి: పదార్థం తరిగిపోతుంది, అల ముందరి నిట్టగోడ తప్పు చోట నిలుస్తుంది. కణాన్ని మన ఇష్టం వచ్చినట్లు కల్పించుకోవచ్చు గాని, అది కూలే తీరును కల్పించుకోలేం. ఇంకొకటి: కుప్ప కూలాక, అంతకుముందు పొరలు ఎలా వాలి ఉన్నాయో చెప్పలేం. వేరువేరు వాలుకుప్పలు కూలి ఒకే కుప్ప కావచ్చు. బోల్ట్‌స్‌మన్ తన వాయువులో చూపిన వెనుదిరగని కాలగతి ఇక్కడా ఉంది. లేని కణాలు కూడా దాన్ని పాటించవలసిందే.

1994లో లియాన్స్, పెర్తామ్, టాడ్మర్ అంగలనే తీసేశారు. నడక, కూలడం ఏకకాలంలో జరిగేలా అంతా ఒకే సమీకరణంలోకి తెచ్చారు. కూలడానికి గుర్తుగా అందులో ఒక రాశి మిగిలింది. అల నునుపుగా ఉన్నచోట అది సున్నా. నిట్టగోడ ఏర్పడిన చోట ధనాత్మకం. రుణాత్మకం మాత్రం ఎక్కడా కాదు.