తనంతట తానే గేరు మార్చుకొను బండి

కారు నడుపువాని ఎడమకాలికి విశ్రాంతి దొరకినది 1939వ సంవత్సరము చివరి భాగమున. అమెరికాలోని జనరల్ మోటార్స్ వారు తమ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ బండ్లకు హైడ్రామాటిక్ అను గేరుపెట్టెను అమర్చి విక్రయింప మొదలిడిరి. అందులకు అదనపు వెల 57 డాలర్లు. క్లచ్ పెడలు లేదు. మీటను ఒకసారి కదలించి ఆక్సిలరేటరును త్రొక్కిన చాలును. నాలుగు గేర్లను బండియే మార్చుకొనును.

ఈ సుఖము వెనుక నొక చిక్కు కలదు. నేడు మనము ముచ్చటించుకొనబోవునది దానిని గురించియే. చేతితో గేరు మార్చు బండిలో గేరు సరిగా పడనిచో, తప్పు చేతిదో, క్లచ్చుదో, పళ్లచక్రములదో కొంత అనుభవము గలవాడు ఇట్టే చెప్పగలడు. ఈ పెట్టెలో గేరు మార్చవలెనని నిర్ణయించునది నూనె. ఆ నిర్ణయము జరుగు చోటు కంటికి కానరాదు.

పెట్టెను రూపొందించిన బృందమునకు నాయకుడు ఎర్ల్ థాంప్సన్. అంతకు పూర్వమే సింక్రోమెష్‌ను కనిపెట్టి పేరొందినవాడు. ఇంజనునకును గేర్లకును నడుమ ఆయన వాడిన నూనె కప్లింగు మాత్రము పాతదే; 1905లో జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్ ఓడల కొరకు చేసిన ఆలోచన. రెండు పంకాలను ఎదురెదురుగా నిలిపి ఒకదానిని నడపినచో, ఆ గాలికి రెండవదియు తిరుగును గదా! ఇచ్చట గాలికి మారుగా నూనె.

దాని వెనుక, ముందుకు నడచుటకు రెండు జతల గ్రహచక్రములు. ప్రతి జతకును ఒక బ్యాండు, ఒక క్లచ్చు. బ్యాండు బిగిసినచో ఆ జత వేగము తగ్గించును. క్లచ్చు పట్టినచో తిప్పుట సూటిగా సాగును. ఎప్పుడు ఏది పట్టవలెనో త్రాసువలె తూచి చెప్పునవి కవాటములు. ఒక తట్టలో గవర్నరు పంపు నూనె ఒత్తిడి; అది బండి వేగముతో పెరుగును. రెండవ తట్టలో ఆక్సిలరేటరుకు కడ్డీతో ముడిపడిన కవాటపు ఒత్తిడి. మొదటిది మించినప్పుడు పై గేరు పడును.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని రెండవ గేరు నుండి మూడవ దానికి పోవునప్పుడు ఏమి జరుగునో చూడుడు. రెండవ గేరులో ముందు జత సూటిగాను, వెనుక జత తగ్గించుచును ఉండును. మూడవ గేరులో సరిగా తలక్రిందులు. అనగా ముందు క్లచ్చు వదలవలెను, ముందు బ్యాండు బిగియవలెను. వెనుక బ్యాండు వదలవలెను, వెనుక క్లచ్చు పట్టవలెను. నాలుగు పనులును ఒక్క క్షణమున! ఒకటి ఆలసించినచో ఇంజను పట్టు లేక ఊరక హోరెత్తును; ఒకటి తొందరపడినచో బండి ఎవరో వెనుకనుండి లాగినట్లు కుదుపు తినును. హైడ్రామాటిక్ బండ్ల యజమానుల ఫిర్యాదులకు ఈ మార్పు పెద్ద పుట్టినిల్లు.

కావున చేయి తిరిగిన మెకానిక్కులు ఒక వరుసను పాటించిరి. పెట్టె వేడెక్కి, ఇంజను నడచుచుండగా నూనె మట్టము చూచెదరు. నూనె తగ్గినచో పట్టు జారును. ఎక్కువైనను చక్రములు దానిని చిలికి నురుగు చేయును, ఫలితము అదియే. నల్లబడి మాడువాసన కొట్టినచో లోపలి పట్టీలు కాలినవని గుర్తు. పిదప ఇంజను సరిగా నడచుచున్నదా అని పరీక్ష, ఏలయనగా కుంటుచున్న ఇంజను తప్పు గేరుపెట్టె నెత్తికి వచ్చుట కద్దు. తరువాత కడ్డీ. దాని సర్దుబాటు తప్పి ఒత్తిడి పెరిగినచో గేర్లు ఆలస్యముగా పడును, తగ్గినచో ముందుగనే పడును. ఎంత వేగమునకును పై గేరు పడనేపడకున్నచో గవర్నరులో మురికి చేరి బిగిసికొన్నదేమో చూడవలెను. బ్యాండ్ల బిగింపు, ఒత్తిడి కొలత ముగిసిన పిమ్మటనే పెట్టె విప్పుట. పాతబండి తెచ్చినవానితో మొదటి మాటగనే "పెట్టె దింపవలె" ననువాడు విద్య నేర్చినవాడు కాడని మా యభిప్రాయము. కడ్డీని రెండు చుట్లు త్రిప్పిన తీరు జబ్బునకు వేల రూపాయలు చెల్లించుట ఎవరికి ఇష్టము?

ఈ పెట్టె యుద్ధమునకును వెళ్లెను. 1942 నుండి తయారైన ఎమ్5 తేలికపాటి ట్యాంకులో రెండు కాడిలాక్ ఇంజనులకు రెండు హైడ్రామాటిక్‌లు అమర్చిరి. 1953 ఆగస్టు 12న మిషిగన్‌లోని లివోనియా కర్మాగారము అగ్నికి ఆహుతి యయ్యెను. పెట్టెలు దొరకక కాడిలాక్ బండ్లకు కొంతకాలము బ్యూయిక్ వారి డైనాఫ్లో అమర్చవలసి వచ్చెను.

ఆ నాలుగు పనుల చిక్కును 1956 నమూనాలో తీర్చిరి. ముందు జతలోని క్లచ్చునకు మారుగా, నిండుచు ఖాళీయగుచు నుండు రెండవ నూనె కప్లింగు. బ్యాండునకు మారుగా, ఒకే వైపు తిరుగనిచ్చు పట్టు. ముందు బ్యాండు లేదు గనుక, దానిని బిగించు పనియు మెకానిక్కునకు తప్పెను.