కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్: క్రమాంకనం, నిర్వహణ

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అది గాలిలో కలిసినట్టు మనిషికి తెలియజేయగల ఇంద్రియం ఏదీ లేదు గనుక ఆ బాధ్యతను ఒక పరికరానికి అప్పగించవలసి వచ్చింది. ఆ పరికరం చూపే అంకె యథార్థమేనా అని తెలిసిన వాయువుతో పోల్చి చూసి, తేడా ఉంటే సరిదిద్దే ప్రక్రియను క్రమాంకనం అంటారు. కర్మాగారాల వాడుకలో ఇది కాలిబ్రేషన్. ఉక్కు కర్మాగారాలు, భూగర్భ బొగ్గు గనులు, బాయిలర్ గదులు, భూగర్భ వాహన నిలుపుదల స్థలాలు ఈ డిటెక్టర్లపై ప్రధానంగా ఆధారపడతాయి.

ఉక్కు పరిశ్రమలో ఈ వాయువు ఉప ఉత్పత్తిగా భారీ పరిమాణంలో వెలువడుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో దాని వాటా సుమారు 20 నుంచి 25 శాతం. కన్వర్టర్ వాయువులో అది 60 శాతాన్ని మించుతుంది. ఇంధనంగా వాడుకోవడానికి ఈ వాయువులను గొట్టాల ద్వారా కర్మాగారమంతటా పంపిస్తారు. 2014 జూన్‌లో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు లీకై ఆరుగురు మరణించారు. 2018 జూలైలో అనంతపురం జిల్లా తాడిపత్రిలోని ఒక ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆరుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి చోట్ల కార్మికుని కాలరుకు తగిలించిన చిన్న పరికరం ఒక అంకె తక్కువ చూపితే జరిగే నష్టం ఏమిటో వేరుగా వివరించనక్కరలేదు.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటే కార్బన్ మోనాక్సైడ్‌తో 200 రెట్లకు పైగా గాఢంగా బంధం ఏర్పరచుకుంటుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదటి లక్షణాలు. వాటిని అలసటగానో ఎండదెబ్బగానో పొరబడేవారే ఎక్కువ. కర్మాగారాల చట్టం, 1948 రెండో షెడ్యూలు ఎనిమిది గంటల సగటుకు 50 పీపీఎం, స్వల్పకాలానికి 400 పీపీఎం పరిమితులుగా పేర్కొన్నది. పీపీఎం అంటే పది లక్షల భాగాల గాలిలో ఒక భాగం. 1,200 పీపీఎంను ప్రాణానికి తక్షణ ప్రమాదం కలిగించే స్థాయిగా అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ నిర్ధారించింది.

సెన్సర్ లోపల

నేడు వాడుకలో ఉన్న డిటెక్టర్లలో అత్యధికం విద్యుత్ రసాయన సెన్సర్‌తో పనిచేస్తాయి. నాణెమంత గూటిలో గంధకామ్ల ద్రావణం, దానిలో మూడు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. సన్నని రంధ్రం గుండా లోనికి వ్యాపించిన కార్బన్ మోనాక్సైడ్ మొదటి ఎలక్ట్రోడ్‌పై ఆక్సీకరణం చెంది కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ చర్యలో విడుదలైన ఎలక్ట్రాన్లు అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహంగా బయటికి వస్తాయి. రెండో ఎలక్ట్రోడ్ వద్ద గాలిలోని ఆక్సిజన్ నీరుగా మారి చర్యను పూర్తిచేస్తుంది. మూడవది వోల్టేజీని స్థిరంగా ఉంచే ఆధారం. ప్రవాహం వాయు పరిమాణానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి దానిని పీపీఎంలోకి మార్చి తెరపై చూపగలుగుతున్నారు.

ఈ నిర్మాణంలోనే దాని బలహీనతలూ ఉన్నాయి. ఉత్ప్రేరకం క్రమంగా చురుకుదనం కోల్పోతుంది. పొడిగాలిలో ద్రావణం ఎండిపోతుంది. దీర్ఘకాలం తేమలో ఉంటే నీటిని పీల్చుకుని ఉబ్బి కారవచ్చు. రాయలసీమ వేసవి, విశాఖ తీరపు వర్షాకాలం ఒకే పరికరాన్ని రెండు విరుద్ధ మార్గాల్లో దెబ్బతీస్తాయి. సిమెంటు, సింటర్ ధూళి ప్రవేశ రంధ్రంపై పేరుకుంటే వాయువు లోనికి చేరదు. అప్పుడు తెరపై కనిపించే సున్నా స్వచ్ఛమైన గాలికి గుర్తు కాదు, మూసుకుపోయిన ద్వారానికి గుర్తు. ఏ రకమైన లోపసూచనా లేకుండా ఇలా మౌనంగా విఫలం కావడమే ఈ పరికరంలోని అసలు ప్రమాదం.

సున్నా సరిచేయడం

క్రమాంకనంలో రెండు అంచెలున్నాయి: జీరో, స్పాన్. మొదటిది కార్బన్ మోనాక్సైడ్ లేని గాలిలో పరికరం సున్నా చూపేలా అమర్చడం. ఇది సులభంగా కనిపిస్తుంది గనుకనే నిర్లక్ష్యానికి గురవుతుంది. కొలిమి పక్కన, డీజిల్ జనరేటర్ దగ్గర, రద్దీ రహదారి ఒడ్డున మీట నొక్కితే అక్కడి కలుషిత గాలినే పరికరం సున్నాగా స్వీకరిస్తుంది. ఆ గాలిలో 8 పీపీఎం ఉన్నదనుకుంటే, ఆ తరువాత ప్రతి కొలతలోనూ 8 తగ్గుతుంది.

భారత పరిసర వాయు ప్రమాణాల ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ ఒక గంట సగటు ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాములు, అంటే సుమారు 3.5 పీపీఎం మించరాదు. నగరపు గాలి ఈ పరిమితిలో ఉన్నా అది శుద్ధమైన సున్నా కాదన్నమాట. సందేహమున్న చోట సిలిండర్‌లో లభించే జీరో ఎయిర్ వాడాలి. భూగర్భ బొగ్గు గనుల్లో ఈ జాగ్రత్తకు మరింత విలువ ఉంది. బొగ్గు తనంతట తాను వేడెక్కడం మొదలైనప్పుడు తొలి ఆనవాలు కొద్దిపాటి పీపీఎంల పెరుగుదలే. సున్నా తప్పిన పరికరం ఆ ఆనవాలును మింగేస్తుంది.

స్పాన్ సరిచేయడం

రెండో అంచెలో, గాఢత ముందే తెలిసిన ప్రామాణిక వాయువును సెన్సర్‌పైకి పంపి పరికరం అదే అంకె చూపేలా సరిదిద్దుతారు. సాధారణంగా 50 లేదా 100 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్‌ను గాలిలో గాని నైట్రోజన్‌లో గాని కలిపిన సిలిండర్ వాడతారు. గాలిలో కలిపినది మేలు. రెండో ఎలక్ట్రోడ్‌కు ఆక్సిజన్ అవసరమని పైన చూశాం. సిలిండర్‌కు స్థిర ప్రవాహ రెగ్యులేటరు బిగించి, పొట్టి గొట్టం ద్వారా కాలిబ్రేషన్ క్యాప్‌కు కలిపి, అనేక పరికరాల్లో నిమిషానికి అర లీటరు చొప్పున వాయువు పంపుతారు. కచ్చితమైన రేటు తయారీదారు పుస్తకంలో ఉంటుంది. లోపలే పంపు ఉన్న పరికరానికి మాత్రం అది లాగినంతే ఇచ్చే డిమాండ్ ఫ్లో రెగ్యులేటరు కావాలి. అంకె పెరిగి నిలకడగా ఆగేవరకు, దాదాపు ఒకటి రెండు నిమిషాలు వేచి, అప్పుడే విలువను ఖాయం చేయాలి.

దీని అవసరాన్ని ఒక లెక్కతో గ్రహించవచ్చు. 100 పీపీఎం వాయువుకు పరికరం 82 చూపిందనుకుందాం. సరిచేయకుండా పనికి పంపితే, వాస్తవంగా 50 పీపీఎం ఉన్న చోట అది 41 చూపుతుంది. 50 వద్ద మోగవలసిన అలారం గాలిలో 61 పీపీఎం చేరేదాకా మోగదు.

క్రమాంకనంలో జరిగే పొరపాట్లన్నీ ఒకే దిశలో పనిచేయవు. ఇది సాంకేతిక సిబ్బంది తప్పక గుర్తించవలసిన విషయం. గొట్టం కీలులో లీకు ఉండి వాయువు పలచబడితే, లేదా గడువు దాటిన సిలిండర్‌లో గాఢత తగ్గి ఉంటే, పరికరం తన సున్నితత్వాన్ని అవసరానికి మించి పెంచుకుంటుంది. తరువాత ఎక్కువ చూపి అకారణంగా మోగుతుంది. చిరాకే తప్ప ప్రాణాపాయం లేదు. (అయితే పదే పదే మోగే అలారాన్ని జనం పట్టించుకోవడం మానేస్తారన్నది వేరే సంగతి.) దీనికి విరుద్ధంగా, వాయువును అధిక వేగంతో పంపి సెన్సర్‌పై ఒత్తిడి పెంచితే అది ఎక్కువ చూపుతుంది, దానిని 100కు దించి ఖాయం చేస్తే, పని స్థలంలో ఆ పరికరం ఎప్పుడూ తక్కువే చూపుతుంది. సిలిండర్‌లో 100 పీపీఎం ఉండగా పరికరం మెనూలో 50 అని మిగిలిపోతే ఇంకా ఘోరం: ఆపై ప్రతి కొలత సగానికి పడిపోతుంది. అందుచేత సిలిండర్ చీటీపై ఉన్న గాఢతను, గడువు తేదీని, మెనూలోని విలువను కలిపి చదవడం మొదటి పని కావాలి.

ఉష్ణోగ్రత కూడా లెక్కలోకి వస్తుంది. ఏసీ గదిలో ఉన్న పరికరాన్ని 45 డిగ్రీల షెడ్డులోకి తెచ్చిన వెంటనే క్రమాంకనం చేయరాదు. కొంతసేపు అక్కడి వాతావరణానికి అలవాటు పడనివ్వాలి. ఈ పని గాలి ధారాళంగా ఆడే చోటే చేయాలి, ఎందుకంటే ప్రామాణిక వాయువూ విషవాయువే.

రోజువారీ బంప్ టెస్ట్

క్రమాంకనం ఎంత కాలానికోసారి చేయాలన్నది తయారీదారు సూచనను, వాడుక తీవ్రతను బట్టి నెలకు ఒకసారి నుంచి ఆరు నెలలకు ఒకసారి వరకు ఉంటుంది. బంప్ టెస్ట్‌కు మాత్రం వాయిదా లేదు. షిఫ్టు మొదట్లో కొద్దిపాటి ప్రామాణిక వాయువు చూపించి సెన్సర్ స్పందించిందా, అలారం మోగిందా, దీపం వెలిగిందా, పరికరం కంపించిందా అని చూడడమే ఈ పరీక్ష. ప్రతిరోజూ వాడకానికి ముందు చేయాలని అంతర్జాతీయ భద్రతా పరికరాల సంఘం సిఫార్సు చేస్తున్నది. ఒక నిమిషమైనా పట్టని ఈ పరీక్షను వదిలేసి, గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన ఆరు నెలల నాటి ధ్రువపత్రాన్ని చూపి సరిపెట్టడం సమర్థనీయం కాదు. ఆ పత్రం పరీక్ష జరిగిన నాటి స్థితినే చెబుతుంది. నిన్న సాయంత్రం పరికరం కింద పడిందా, బురదలో తడిసిందా అన్నది దానికి తెలియదు.

బంప్ టెస్ట్‌లో విఫలమైతే పూర్తి క్రమాంకనం చేయాలి. అదీ కుదరకపోతే పరికరాన్ని వాడుక నుంచి తొలగించాలి. పరిధికి మించిన వాయువు తగిలినా, కింద పడినా, సెన్సర్ లేదా ఫిల్టరు మార్చినా క్రమాంకనం మళ్లీ చేయవలసిందే.

రిజిస్టరులో తేదీ, పరికరం సంఖ్య, సిలిండర్ లాటు సంఖ్యతో పాటు సరిదిద్దక ముందు కనిపించిన అంకెను రాయడం అత్యవసరం. చాలాచోట్ల సరిదిద్దాక వచ్చిన 100 మాత్రమే రాస్తారు. నిజానికి సమాచారమంతా ముందటి అంకెలోనే ఉంది. అది 60 అయితే, గత క్రమాంకనం తరువాత ఆ పరికరాన్ని నమ్మి ఇచ్చిన ప్రతి పని అనుమతీ, ట్యాంకులోకి దిగిన ప్రతి మనిషీ సందేహంలో పడినట్టే. నెలనెలా ఆ అంకె దిగజారుతుంటే సెన్సర్ ఆయుష్షు తీరుతున్నదని అర్థం.

ఇతర వాయువుల ప్రభావం

ఈ సెన్సర్ కార్బన్ మోనాక్సైడ్‌కే పరిమితమై స్పందించదు. హైడ్రోజన్ దానిని గణనీయంగా ప్రభావితం చేస్తుంది. కోక్ ఓవెన్ వాయువులో సగానికి పైగా హైడ్రోజనే కనుక అక్కడ సాధారణ సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు; హైడ్రోజన్ ప్రభావాన్ని సవరించే ప్రత్యేక సెన్సర్లు ఇందుకోసం లభిస్తాయి. బ్యాటరీ చార్జింగ్ గదుల్లోనూ ఇదే సమస్య. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను అడ్డుకోవడానికి అమర్చే ఫిల్టరుకు కూడా ఒక పరిమితి ఉంటుంది. ఆల్కహాల్ ఆవిరికీ సెన్సర్ స్పందిస్తుంది కాబట్టి శానిటైజరుతో పరికరాన్ని తుడవరాదు. తడిగుడ్డ చాలు.

నియంత్రణ గదికి అనుసంధానించిన స్థిర డిటెక్టర్ల విషయంలో ఒక అదనపు జాగ్రత్త ఉంది. క్రమాంకన సమయంలో ప్లాంటు అలారం మోగకుండా ఆ చానల్‌ను నిరోధించి ఉంచుతారు. పని ముగిశాక ఆ నిరోధాన్ని తొలగించడం మరచిపోతే, చక్కగా సరిదిద్దిన డిటెక్టర్ కూడా ఎవరినీ హెచ్చరించలేదు. తొలగించినట్టు నియంత్రణ గది నుంచి ధ్రువీకరణ తీసుకున్నాకే పని పూర్తయినట్టు నమోదు చేయాలి.

ఇళ్లలో వాడే అలారాలు

గాలి ఆడని స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్లు, చలికాలంలో మూసిన గదుల్లో బొగ్గు కుంపట్లు దేశంలో ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. వంటగ్యాస్ లీకును పట్టే డిటెక్టర్ ఈ వాయువును గుర్తించదు. రెండూ వేర్వేరు పరికరాలు. వంటగ్యాస్ గాలికంటే బరువు గనుక దాని డిటెక్టర్‌ను నేలకు దగ్గరగా అమరుస్తారు. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలి బరువే కాబట్టి శ్వాస తీసుకునే ఎత్తులో గాని, తయారీదారు చెప్పిన చోట గాని పెట్టాలి.

గృహ అలారాలకు సాధారణంగా వినియోగదారుడు క్రమాంకనం చేయలేడు. పరీక్ష మీట బ్యాటరీ, బజరు, విద్యుత్ వలయాలను మాత్రమే తనిఖీ చేస్తుంది. సెన్సర్ బతికి ఉన్నదో లేదో చెప్పదు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం అలారం 50 పీపీఎం వద్ద 60 నుంచి 90 నిమిషాల మధ్య, 100 పీపీఎం వద్ద 10 నుంచి 40 నిమిషాల మధ్య, 300 పీపీఎం వద్ద మూడు నిమిషాల లోపు మోగాలి. అందువల్ల అగరుబత్తి పొగ చూపించి, మోగలేదని పరికరాన్ని తప్పుపట్టడం సరికాదు. వాహనపు పొగతో పరీక్షించడం సెన్సర్‌ను పాడుచేస్తుంది. నెలకోసారి దుమ్ము తుడవడం, మీట నొక్కి చూడడం, పెయింటు వేసేటప్పుడు తీసి దూరంగా ఉంచడం మాత్రమే ఇంట్లో చేయదగిన నిర్వహణ.

పారిశ్రామిక సెన్సర్లు సాధారణంగా రెండు మూడేళ్లు, గృహ అలారాలు నమూనాను బట్టి ఐదు నుంచి పదేళ్లు పనిచేస్తాయి. మార్చవలసిన తేదీ చాలా పరికరాల వెనుక భాగంలో ముద్రించి ఉంటుంది. ఆ తేదీ దాటాక బ్యాటరీ కొత్తది వేసినా ప్రయోజనం లేదు, పరికరాన్నే మార్చాలి.