పలక మీది దూరం, అడవిలోని దూరం

1944లో బ్రిటిష్ సైన్యానికి అందిన ‘నంబర్ 5’ రైఫిల్‌కు వాడుక పేరు జంగిల్ కార్బైన్. అంతకుముందరి లీ-ఎన్‌ఫీల్డ్ ‘నంబర్ 4’ గొట్టం పొడవు సుమారు 25 అంగుళాలు. దీనిది 19 అంగుళాల లోపే. బరువు కూడా దాదాపు 2 పౌన్లు తగ్గింది.

గొట్టం పొట్టిదైనంత మాత్రాన గురి చెడదు. తగ్గేది తూటా వేగం. వేగం తగ్గిన తూటా దూరం పెరిగేకొద్దీ మరింత కిందికి జారుతుంది, గాలికి మరింత పక్కకు తొలగుతుంది. 100 గజాల దగ్గర ఆ తేడా స్వల్పం. 400 గజాల దగ్గర దూరాన్ని కొద్దిగా తప్పుగా అంచనా వేసినా తూటా గురి తప్పవచ్చు.

ఈ రైఫిల్‌పై గురి చూసే పలక మీద 800 గజాల వరకూ అంకెలున్నాయి. కాని 100 గజాల దగ్గర 4 అంగుళాల మేర చెదిరే తూటాలు 800 గజాల దగ్గర కనీసం 32 అంగుళాల మేర చెదురుతాయి. మనిషి భుజాల వెడల్పు అంత ఉండదు.

అసలు ఫిర్యాదు వేరు: ఒకసారి సరిచేసిన గురి నిలవడం లేదని. 1947లో తయారీ ఆగడానికి చెప్పిన కారణమూ అదే. అయినా మరుసటి ఏడు మొదలైన మలయా పోరులో సైనికులు దీన్నే మోశారు. దట్టమైన అడవిలో శత్రువు కనబడేది కొన్ని పదుల గజాల్లోనే. అంత దగ్గరలో గురి కాస్త కదిలినా తేడా కొద్ది అంగుళాలే. తుపాకీ నుంచి ఎంత ఆశించవచ్చో తేల్చింది పలక మీది అంకె కాదు, అడవి.