మన బండ్లలోకి పాట వచ్చిన దారి



మొన్న సంఘం సమావేశం అయిపోయాక ఒక తమ్ముడు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగాడు. "అన్నా, మా నాయన తోలిన మారుతి 800 ఇంకా ఇంట్లోనే ఉంది. డ్యాష్‌బోర్డు కొయ్యకుండా, బయటికి కనపడకుండా, తక్కువ ఖర్చులో స్టీరియో పెట్టించొచ్చా?" పెట్టించొచ్చు అని ఒక్క ముక్క చెప్పి పంపేశాం. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ ప్రశ్న వెనకాల మనందరి కథా ఉందనిపించింది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాం, ఓపిక పట్టండి.

తొండేభావిలో మన బతుకు మీకు తెలియంది కాదు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. రైలెక్కితే ఒకవైపు బెంగళూరు, ఇంకోవైపు హిందూపురం. మనలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందో, తెలుగు చదవగలిగేవాళ్లు అంత తక్కువ. ఈ వ్యాసం కూడా ఎవరో ఒకరు చదివి, ఫోన్లో రికార్డు చేసి పంపితేనే సగంమందికి చేరుతుంది. మరి ఇన్నాళ్లూ భాష ఎట్లా నిలిచింది? చెవి మీద నిలిచింది. అవ్వల నోట, భజనల్లో కైవారం తాతయ్య తెలుగు తత్వాల్లో, రాత్రంతా సాగే పద్యనాటకాల్లో నిలిచింది. ఆ తర్వాత బండ్లలో. ఈ చివరిదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కారులో పాట అమెరికాలో మొదలైంది. చికాగోలో గాల్విన్ అన్నదమ్ముల చిన్న కంపెనీ. 1930లో పాల్ గాల్విన్ తన కారులో రేడియో బిగించుకుని, అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభకు దాన్ని తోలుకుంటూ పోయాడు. లోపల స్టాలు లేదు. బయటే బండి నిలిపి, వచ్చేపోయేవాళ్లకు వినిపించాడు. ఆ రేడియోకు పెట్టిన మోటరోలా అనే పేరే 1947లో కంపెనీ పేరు కూడా అయింది.

వాళ్లను బాగా సతాయించింది ఇంజనే. ప్లగ్గు నుంచి లేచే ప్రతి నిప్పురవ్వా రేడియోలో చిటపటమనేది. దాన్ని అణచడమే ఆ రోజుల్లో పెద్ద పని. మన పక్కనే గౌరిబిదనూరు దగ్గర 1976 నుంచి ఆకాశాన్ని వినే రేడియో టెలిస్కోపు ఉంది కదా, టీ ఆకారంలో నిలబెట్టిన 1000 యాంటెన్నాలు. అక్కడి శాస్త్రవేత్తలకూ ఇట్లాంటి చిటపటలతోనే పేచీ. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర చుక్కల సద్దు వినేవాడికి పక్కన పోయే మోటారు సైకిలు కూడా శత్రువే.

మన దేశంలో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాల్సిన రోజులు 1980ల దాకా ఉండేవి. కారులో రేడియో అంటే డాక్టర్లకూ, మిల్లు యజమానులకూ ఉండేది. మనకు దక్కింది రాత్రిపూట మీడియం వేవ్‌లో దూరం నుంచి తేలివచ్చే కడప కేంద్రం. చీకటి పడ్డాక ఆ తరంగాలు పైన అయనమండలానికి తగిలి కిందికి వంగుతాయి కాబట్టి కొండలు అడ్డు కావు.

మన బండ్లకు నిజంగా నోరొచ్చింది క్యాసెట్టుతో. ఫిలిప్స్ వాళ్లు 1963లో బయటపెట్టిన ఆ చిన్న డబ్బా మన లారీల్లోకి, టెంపోల్లోకి రావడానికి ఇంచుమించు ఇరవై ఏళ్లు పట్టింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అదే దశాబ్దంలో టీ-సిరీస్ వంటి కంపెనీలు క్యాసెట్టు ధరను కిందికి లాగాయి. పొద్దున బండి స్టార్టు చేయగానే ఘంటసాల భగవద్గీత. 1974లో ఆయన పోయిన తర్వాత విడుదలైన రికార్డు అది. అది అయ్యాక సినిమా పాటలు, కురుక్షేత్రం పద్యాలు. మారుతి వెనక సీట్లో కూర్చుని పద్యం నేర్చుకున్నవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు, పేర్లు చెప్పం.

అప్పుడే దొంగతనాలూ మొదలయ్యాయి. అద్దం పగలగొట్టి స్టీరియో ఎత్తుకుపోయేవాళ్లు. అందుకే ముందు పలక ఊడదీసి జేబులో పెట్టుకునే మోడళ్లు వచ్చాయి. కనపడకుండా పెట్టాలన్న ఆలోచన కొత్తది కాదన్నమాట.

ఇక తమ్ముడి బండి. మా పాత బండికి ఒకచోట స్టీరియో పెట్టిస్తే, పచ్చగా మెరిసే పెద్ద డబ్బా కోసం డ్యాష్‌బోర్డు కోసేశారు. వైర్లు మెలితిప్పి టేపు చుట్టారు, ఫ్యూజు వెయ్యలేదు. మూడో నెలలో డ్యాష్‌బోర్డు కింద పొగ. పిల్లలు బండిలో ఉన్నారు. ఆ రోజు నుంచి మేమే నేర్చుకున్నాం.

డ్యాష్‌బోర్డులో స్టీరియో గూడు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. జర్మనీ వాళ్లు పెట్టిన కొలత అది. దాని జోలికే పోవద్దు. చిన్న బ్లూటూత్ యాంప్లిఫైయరు డ్యాష్‌బోర్డు డబ్బాలోనో సీటు కిందనో పడుతుంది. పాట ఫోన్ నుంచి, లేదా పెన్‌డ్రైవ్ నుంచి. స్పీకర్లు వెనక ట్రేకి కింది నుంచి బిగిస్తే పైన గుడ్డే కనపడుతుంది. పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, బ్యాటరీ పక్కనే ఫ్యూజుతో. ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటికి; రెండూ బ్యాటరీకే కలిపితే నాలుగు రోజులు నిలబెట్టిన బండి స్టార్టు కాదు. నల్లది రంగు గీకిన ఇనుముకు. ఇంజను వేగంతోపాటు స్పీకర్లో "కుయ్" మని పెరుగుతుంటే ముందు ఆ నల్ల వైరునే చూడండి. అతుకులన్నీ టంకం వేయించండి.

డబ్బా మీద 50 వాట్లు అని రాసుంటే నమ్మొద్దు. బండి కరెంటు 14 వోల్టులు, మామూలు స్పీకరు 4 ఓములు. ఆ లెక్కన ఈ చిన్న యాంప్లిఫైయరు శుభ్రంగా ఇచ్చేది ఒక్కో స్పీకరుకు ఇరవై వాట్ల లోపే. 800 లాంటి బండిలో అదే ఎక్కువ. మాకు బెంగళూరు జె.సి. రోడ్డులో సామాను, ఇక్కడ కూలీ కలిపి మూడు వేలు దాటలేదు.

అయితే అందులో ఏం వినాలి? మా ఇంట్లో ఒక క్యాసెట్టు ఉంది. మా అవ్వ తాతయ్య తత్వాలు పాడినది, మధ్యలో కోడి కూత, ఎవరినో "ఒరేయ్, తలుపెయ్యి" అనడం. అవ్వ గొంతు ఇంకెక్కడా లేదు. పాత డెక్కులో వేస్తే రెండుసార్లు టేపు నమిలింది. ఆపేశాం. ఆ అయస్కాంత పూత ఏటేటా రాలుతుంది, వేడికీ చెమ్మకూ ఇంకా తొందరగా. బండ్లలో ఎండకు ఎండిన క్యాసెట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మీ అటకల మీద ఇట్లాంటివి ఉంటాయి. నాటకాలవి, పెళ్లిళ్లవి, దుబాయ్‌కి పోయిన కొడుకుకు మాట్లాడి పంపినవి.

తమ్ముడు ఆదివారం బండి తెస్తానన్నాడు. మీరూ ఆ రోజే క్యాసెట్లు తీసుకురండి. టేపురికార్డరుకు కొత్త బెల్టు వేయించాం, కంప్యూటరుకు కలిపే వైరు ఉంది. ఒక్కో క్యాసెట్టుకు గంటన్నర పడుతుంది కాబట్టి పొద్దున్నే రండి, పెన్‌డ్రైవ్ మీరే తెచ్చుకోండి.