అరుదైన నాడీకండర వ్యాధులు: ఉమ్మడి రిజిస్ట్రీల నిర్మాణము

ఒక ఔషధము గుణమిచ్చినదని నిశ్చయించుటకు, దానిని సేవించినవారిని సేవింపనివారితో తగినంత సంఖ్యలో పోల్చి చూడవలెను. మధుమేహము వంటి వ్యాధి విషయమున ఇందుకొక పెద్ద ఆసుపత్రియే చాలును. డుషేన్ కండరక్షీణత అట్టిది కాదు. సుమారు 5,000 మంది మగశిశువులలో ఒక్కనికి కలుగు ఈ వ్యాధికి మూలమైన డిస్ట్రోఫిన్ జన్యువున ఎక్సాన్లు అను ఖండములు 79 గలవు; వానిలో ఏ భాగము లోపించినదను విషయము బాలునకు బాలునకు మాఱుచుండును. కావున ఒకానొక లోపమునుద్దేశించి సిద్ధమైన ఔషధమును పరీక్షింపబూనిన పరిశోధకునకు, ఆ లోపమే గలిగి, తగిన వయసున నుండి, ఇంకను నడువగలుగుచున్న బాలురు కావలెను. అట్టివారు ఒక నగరమున ఇద్దఱో ముగ్గురో యుందురు. దేశములు తమ రోగుల వివరములను కలుపుకొనుట తప్ప దీనికి మార్గాంతరము లేదు. అయితే ముందుగా కలుపవలసినది వివరములను కాదు, వివరించు భాషను.

ఇందుకు ఐరోపా సంఘపు ధనసహాయముతో 2007లో, న్యూకాసిల్ విశ్వవిద్యాలయపు సమన్వయమున నెలకొన్న ట్రీట్-ఎన్‌ఎమ్‌డి అను సంస్థ నిదర్శనము. ఆ సంస్థ రోగుల పత్రములను ఒకచోట రాశివోయలేదు. ఏ దేశపు రిజిస్ట్రీ, అనగా రోగుల పట్టిక, ఆ దేశముననే యుండగా, జన్యుపరీక్ష తేల్చినదేమి, బాలుడు ఇంకను నడువగలడా, స్టెరాయిడ్లు వాడుచున్నారా, గుండె, ఊపిరితిత్తుల స్థితి యెట్టిది అను ప్రశ్నలను అందఱును ఒకే రీతిని అడుగవలెనని నియమించినది. గోడ పట్టుకొని నాలుగడుగులు వేయు బాలుని ఒక వైద్యుడు నడువగలవాడనియు, మఱియొకడు నడువలేనివాడనియు వ్రాసినచో, ఆ రెండు పట్టికలను కలిపినను జ్ఞానము పెరుగదు. ఉమ్మడి పట్టికకు రోగి పేరు చేరదు, సంకేతసంఖ్య మాత్రమే చేరును. పరిశోధకుల విన్నపములను రిజిస్ట్రీల ప్రతినిధులు విచారింతురు. తగిన రోగికి వార్త తన దేశపు రిజిస్ట్రీ ద్వారముననే అందును. నిర్ణయము ఆ కుటుంబమునదే.

ఈ కృషికి ఫలముగా 2015లో 7,149 డిస్ట్రోఫిన్ జన్యులోపముల విశ్లేషణము వెలువడినది. వానిలో 5,682 పెద్ద మార్పులు. అందు 4,894 లోపములు జన్యుభాగము తొలగిపోవుటచే కలిగినవి. జన్యుసందేశమున 51వ ఎక్సాన్‌ను దాటించు చికిత్స నూటికి 14 మందికి తగునని తేలినది. ఏ ఒక్క దేశమును ఒంటరిగా ఇట్టి గణనమును సాధింపజాలదు.

ఈ పద్ధతికి లోపములును లేకపోలేదు. వివరములను ఎవరు వ్రాసినను చిక్కే. బిడ్డ నడక ఎన్నడు నిలిచినదో తల్లి యెఱిగినట్లు వైద్యుడెఱుగడు. కాని జన్యుపరీక్షాఫలితమును తల్లి తప్పులేక నమోదు చేయుట దుష్కరము. కావున దానిని నిపుణుడు సరిచూడవలెను. ఏటేట సవరింపని పట్టిక, నడక నిలిచిన బాలుని నడుచువానిగనే చూపుచుండును. అన్నిటికంటె శోచనీయమేమన, జన్యుపరీక్షకు నోచుకొనని పేదబిడ్డ ఇట్టి లెక్కలో చేరనే చేరడు.

తెలుగునాట ఈ విచారణము మనకు దగ్గఱి విషయము. మఱియొక నాడీకండర వ్యాధియైన వెన్నెముక సంబంధి కండరక్షీణత సాధారణముగా తల్లిదండ్రులిరువురును లోపించిన జన్యువును మోయుచున్నప్పుడే బిడ్డకు కలుగును. మేనరికము ఇట్టి వ్యాధుల సంభావ్యతను పెంచును. భారతదేశపు 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానము రిజిస్ట్రీ యావశ్యకతను గుర్తించినది. ఆ రిజిస్ట్రీలో చేరు ప్రతి ఆసుపత్రియు మొదటిదినము నుండియే అంతర్జాతీయముగ నంగీకృతమైన ప్రశ్నావళిని అనుసరింపవలెను. సమ్మతిపత్రమును తల్లిదండ్రులు చదివి గ్రహింపగల తెలుగున నీయవలెను. జన్యుపరీక్షా వ్యయమును ప్రభుత్వము భరింపవలెను. ఈ మూడును జరిగిననాడే మన బిడ్డలు ప్రపంచపు లెక్కలోనికి వత్తురు.