అనాథ రైలు లెక్కలు

మొన్న మా ఆఫీసులో విరాళాల గురించి ఓ ప్రెజెంటేషన్ ఇచ్చారు. వీధిబాలల ప్రాజెక్టు ఒకదానికి రూపాయి ఇస్తే సమాజానికి నాలుగు రూపాయల విలువ తిరిగొస్తుందట! ఆ నాలుగు ఎక్కణ్ణుంచొచ్చిందంటే ఇంకో ఎక్సెల్ షీటు తెరిచారు. ఇలాంటి లెక్కలు న్యూయార్కులో నూటయాభై ఏళ్ల కిందటే ఒకాయన వేశాడు.

ఆయన చార్లెస్ లోరింగ్ బ్రేస్. 1853లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ పెట్టాడు. పేపర్లమ్ముకుంటూ ఎక్కడపడితే అక్కడ పడుకునే పిల్లలకి వసతి గృహాలు, పని నేర్పే బడులు నడిపాడు. 1854 నుంచి పిల్లల్ని రైలెక్కించి పడమటి రాష్ట్రాల్లోని రైతు కుటుంబాలకి పంపడం మొదలెట్టాడు. వాటికి 'అనాథ రైళ్లు' అని పేరొచ్చింది గానీ చాలామంది పిల్లలకి తల్లో తండ్రో బతికే ఉన్నారు. 1929 దాకా, మిగతా సంస్థలు పంపినవాళ్లతో కలిపి, రెండు లక్షలమంది అలా వెళ్లారని అంచనా.

దాతలకి బ్రేస్ చెప్పింది సులువైన లెక్క. ఆశ్రమంలోనో జైల్లోనో ఉంచితే ఏటేటా ఖర్చు, రైలెక్కిస్తే ఒక్కసారే ఖర్చు. 1872 నాటి తన పుస్తకంలో జైలు రికార్డులు కూడా చూపించాడు. దిక్కులేక తిరుగుతున్నారని జైలుకి పంపిన ఆడవాళ్లు 1860లో 5,880 మంది, 1871లో 548. డాష్‌బోర్డు మీద పెడితే ఎంత ముద్దొస్తుందో! కానీ మధ్యలో అంతర్యుద్ధం జరిగింది, ఊళ్లో వేరే సంస్థలూ పనిచేశాయి. ఆ తగ్గుదలలో సొసైటీ వాటా ఎంత అన్నది ఆ అంకెల్లో లేదు.

రైలు దిగిన చోట లెక్కపెట్టినవాడు హేస్టింగ్స్ హార్ట్, మిన్నెసోటా ప్రభుత్వ ధర్మసంస్థల బోర్డు కార్యదర్శి. ఒకసారి నలభైమంది పిల్లల్ని రైలు దించి, నేరుగా కోర్టు భవనానికి తీసుకెళ్లి, జనం మధ్య పంచిపెట్టడం కళ్లారా చూశాడు. మూడేళ్లలో ఆ రాష్ట్రానికొచ్చిన సుమారు 340 మంది గురించి వాకబు చేసి 1884లో నివేదిక చదివాడు. మీ నేరస్తుల్ని మా మీదకి తోలుతున్నారన్న పడమటివాళ్ల గోల చాలావరకు నిజం కాదని తేలింది. చిన్నపిల్లలు ఎక్కువమంది కుదురుకున్నారు. కాస్త పెద్దవాళ్ల సంగతే వేరు, చాలామంది ఆ ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. హడావుడిగా అప్పగించడం, తర్వాత సరిగ్గా పట్టించుకోకపోవడం మాత్రం నిజమే. మన భాషలో చెప్పాలంటే, టికెట్ క్లోజ్ చేశారు, టెస్టింగ్ లేదు.

సొసైటీ గర్వంగా చెప్పుకున్న ఇద్దరున్నారు. 1859లో ఒకే రైల్లో ఇండియానా వెళ్లిన ఆండ్రూ బర్క్, జాన్ బ్రేడీ. బర్క్ నార్త్ డకోటాకి, బ్రేడీ అలాస్కాకి గవర్నర్లయ్యారు. సంతోషమే. పిల్లవాణ్ణి పంపించేసిన తల్లికి మాత్రం ఏ పట్టికలోనూ కాలమ్ లేదు.

ప్రెజెంటేషన్ ఇచ్చినమ్మాయిని, ఏడాది తర్వాత ఆ పిల్లలెక్కడున్నారో చూస్తారా అనడిగాను. "దానికి బడ్జెట్ లేదు సార్" అంది. నా వంతు డబ్బులిచ్చాను, ఫారం మీద 'ఫాలోఅప్ కోసం' అని రాసి.